ఫెయిల్ అయిన అంకెతో ఏం చేయాలి?

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు. న్యూకాజిల్ శివార్లలో ఒక ఫౌండ్రీ ల్యాబ్‌లో మీరొక్కరే ఉన్నారనుకోండి. గని యంత్రానికి వెళ్లాల్సిన స్టీల్ కాస్టింగ్ బయట సిద్ధంగా ఉంది. లారీ మీ సంతకం కోసమే ఆగింది. మూడు చార్పీ ముక్కలు విరగ్గొట్టారు. వచ్చిన అంకెలు 31, 29, 17 జూల్స్. ఆర్డరులో ఉన్న షరతు ప్రకారం సగటు 27 ఉండాలి, ఏ ఒక్కటీ 20కి తగ్గకూడదు. మీ సగటు 26కి కూడా చేరలేదు.

17లో 1ని 2గా దిద్దితే చాలు, సగటు 29 అవుతుంది. లారీ కదులుతుంది, మీరూ ఇంటికి వెళ్లిపోతారు. ఏం చేస్తారు?

"నేనెందుకు దిద్దుతాను?" అని అప్పుడే అనేయకండి. ఈ ప్రశ్నకు జవాబు ఆ శుక్రవారం నాడు పుట్టదు. అంతకు ముందు నెలల తరబడి మీరు పని ఎలా చేశారో దాన్నిబట్టి వస్తుంది. ముక్కను ఎంత చల్లబరిచారో మీకే నమ్మకం లేదా? నాచ్ సరిగా కోశారో లేదో చూడలేదా? అలాంటప్పుడు "ఈ 17 తప్పు అయ్యుంటుందిలే" అని మనసు ఇట్టే సర్దుకుంటుంది. టెస్టును నిక్కచ్చిగా చేసినవాళ్లకు మాత్రమే చెడ్డ అంకెను చెడ్డ అంకెగా చెప్పే ధైర్యం ఉంటుంది. ఆస్ట్రేలియా ఫౌండ్రీల్లో, టెస్టింగ్ ల్యాబుల్లో కొత్తగా చేరిన మన తెలుగు ఇంజనీర్ల కోసం ఈ అధ్యాయమంతా ఈ ఒక్క విషయం మీదే.

దిద్దితే ఎక్కడిదాకా పోతుంది?

బ్రాడ్‌కెన్ పేరు మీరు వినే ఉంటారు. 1922లో మొదలై, గనులకూ రైళ్లకూ పోత ఉక్కు భాగాలు చేస్తూ ఎదిగిన ఆస్ట్రేలియా కంపెనీ అది. ప్రధాన కార్యాలయం న్యూకాజిల్‌లో ఉంది. 2008లో ఆ కంపెనీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, టకోమాలో ఒక పాత ఫౌండ్రీని కొన్నది. అమెరికా నేవీ జలాంతర్గాముల హల్‌లో వాడే కాస్టింగులు అక్కడ పోసేవారు. 2017లో ఆ ల్యాబ్‌లోనే పనిచేసే ఒక ఉద్యోగి టెస్ట్ కార్డులు చూస్తుంటే అంకెలు దిద్దినట్టు కనబడింది. విచారిస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడి మెటలర్జిస్టు 1985 నుంచి 2017 దాకా, కనీసం 240 హీట్లకు స్ట్రెంగ్త్, టఫ్‌నెస్ ఫలితాలు కల్పించి రాశారు. 2020లో కంపెనీ దాదాపు 1 కోటి 9 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2022 ఫిబ్రవరిలో ఆమెకు రెండున్నరేళ్ల జైలు, 50,000 డాలర్ల జరిమానా పడ్డాయి.

డబ్బు ఆశతో చేయలేదని ఆమె తరఫున కోర్టులో చెప్పారు. నాకు ఈ కేసులో అన్నిటికంటే భయం వేసేది అదే. లంచాలు లేవు, వాటాలు లేవు. ఉన్నది ఒక అభిప్రాయం మాత్రమే. కొన్ని హీట్లకు మైనస్ 73 డిగ్రీల సెల్సియస్ దగ్గర చార్పీ టెస్ట్ అడగడం అర్థం లేని షరతు అని ఆమె అనుకున్నారు. మీకూ అలా అనిపించవచ్చు. సముద్రం నీళ్లు ఎంత చల్లబడినా మైనస్ రెండు డిగ్రీలు దాటవు కదా, మైనస్ 73 ఎందుకు?

ఎందుకంటే మనం విరగ్గొట్టేది పది మిల్లీమీటర్ల సన్నని ముక్క. అసలు కాస్టింగ్ దానికి ఎన్నో రెట్లు మందం. ఒకే ఉక్కు పలచగా ఉన్నప్పుడు సాగి విరుగుతుంది, మందంగా ఉన్నప్పుడు సాగకుండా ఫెళ్లున పగులుతుంది. దెబ్బ ఎంత వేగంగా తగిలితే అంత పెళుసుగా ప్రవర్తిస్తుంది. ఢీకొన్నప్పుడు, పేలుడు జరిగినప్పుడు మందపాటి హల్ ఎలా నిలబడుతుందో ఈ చిన్న ముక్క చెప్పాలంటే దాన్ని ఇంకా చలిలో పెట్టి కొట్టాలి. షరతు రాసినవాళ్ల లెక్క అది.

మరి మన ఊళ్లో, అంటే ఆస్ట్రేలియాలో, చలికి ఉక్కు పగిలిన సంఘటన లేదా? ఉంది. మెల్‌బోర్న్‌లో కింగ్ స్ట్రీట్ బ్రిడ్జి 1961 ఏప్రిల్‌లో తెరిచారు. 1962 జూలై 10న, చలికాలం ఉదయం, దాదాపు 45 టన్నుల బండి ఎక్కగానే గర్డర్లు పగిలి ఒక భాగం కుంగింది. అవి కాస్టింగులు కావు, ప్లేట్లు వెల్డింగ్ చేసి కట్టిన గర్డర్లు. వాడింది హై టెన్సైల్ స్టీలే. లాగితే తట్టుకునే బలం ఉంది. కానీ వెల్డుల దగ్గర పుట్టిన బీటలు చలిలో పెళుసుగా పాకిపోయాయి. స్ట్రెంగ్త్ వేరు, టఫ్‌నెస్ వేరు. ఒకటి పాసైందని రెండోది పాసైనట్టు కాదు.

ముందు, నమ్మదగ్గ అంకె తెచ్చుకోండి

1. టెస్ట్ బార్ ఎక్కడిదో రుజువు చూడండి.

లేత్ మీదికి బార్ ఎక్కించకముందే అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఇది ఏ హీట్‌లోది? ఏ కాస్టింగ్‌తో కలిసి ఫర్నేస్‌లోకి వెళ్లింది? నంబరు ఎవరు గుద్దారు? ఆస్ట్రేలియాలో పోత ఉక్కు గ్రేడ్లకు ఏఎస్ 2074 స్టాండర్డ్ ఉంది. ఆర్డరులో అది ఉన్నా మరొకటి ఉన్నా మూలసూత్రం మారదు: టెస్ట్ బ్లాక్ అదే కరుగులోంచి పోసి ఉండాలి, అది చెప్పే కాస్టింగులకు జరిగిన హీట్ ట్రీట్‌మెంటే దానికీ జరిగి ఉండాలి.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. టన్ను బరువున్న కాస్టింగ్ పెద్ద ఫర్నేస్‌లో ఉంటుంది. కీల్ బ్లాక్ మాత్రం ల్యాబ్‌లోని చిన్న ఫర్నేస్‌లో వేడెక్కి బకెట్ నీళ్లలో చల్లారుతుంది. చిన్న బ్లాక్ తొందరగా చల్లారుతుంది కాబట్టి స్ట్రెంగ్త్ బ్రహ్మాండంగా వస్తుంది. అది ఆ బ్లాక్ గొప్పతనమే తప్ప కాస్టింగ్‌ది కాదు. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా సర్టిఫికెట్ అబద్ధం చెబుతోంది. ఇలాంటిది చూస్తే "ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అన్న జవాబుతో తృప్తి పడకండి. ఫర్నేస్ చార్టు అడిగి తీసుకుని, తేదీ, సమయం, లోడ్ నంబరు పోల్చుకోండి.

ఇంకో మాట. బ్లాక్ ఎంత నిజాయితీగా పాసైనా, అది కరుగు మంచిదనీ హీట్ ట్రీట్‌మెంట్ సరిగా జరిగిందనీ మాత్రమే చెబుతుంది. కాస్టింగ్ మందపాటి మూలలో ష్రింకేజ్ ఉందో లేదో దానికి తెలియదు. దానికి అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ వేరే చేయాలి. కస్టమర్ "టెన్సైల్ పాసైంది కదా, ఇక లోపల బాగున్నట్టే కదా?" అంటే "అవును" అనకండి.

2. మైక్రోమీటర్ దగ్గర తొందరపడకండి.

పదోవంతు మిల్లీమీటరుతో ఏమవుతుంది? లెక్క వేద్దాం. వాల్వ్ బాడీలకు బాగా వాడే డబ్ల్యూసీబీ గ్రేడ్‌కు టెన్సైల్ కనీసం 485 మెగాపాస్కల్స్ ఉండాలి. మీ బార్ 37.8 కిలోన్యూటన్ల దగ్గర తెగింది. వ్యాసం 10.0 మిల్లీమీటర్లయితే ఫలితం 481, అంటే ఫెయిల్. 9.9గా చదివితే 491, అంటే పాస్. లోడ్ అదే, బార్ అదే, మారింది మీ చూపు మాత్రమే. గేజ్ పొడవునా మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కులుగా కొలవండి. కొలిచింది బార్ తెగకముందే రాయండి. తెగి, ఫలితం తెలిశాక మళ్లీ కొలిచే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. ఫలితం తెలిసిన కన్ను తనకు కావాల్సిందే చదువుతుంది.

లాగే వేగం కూడా స్టాండర్డ్‌లో చెప్పిన పరిధిలోనే ఉండాలి. వేగం పెంచితే యీల్డ్ ఎక్కువగా వస్తుంది.

3. చార్పీలో మొదటి ఐదు సెకన్లు మీవి.

ముక్క 10 × 10 × 55 మిల్లీమీటర్లు. నాచ్ లోతు 2 మిల్లీమీటర్లు, కోణం 45 డిగ్రీలు, నాచ్ అడుగున రేడియస్ 0.25 మిల్లీమీటర్లు. బ్రోచ్ అరిగితే ఆ రేడియస్ పెరుగుతుంది. నాచ్ మొద్దుబారితే జూల్స్ పెరుగుతాయి. అంటే అరిగిన పనిముట్టు మీకు మంచి అంకెలు ఇస్తుంది! అందుకే ఫెయిలైనప్పుడు మాత్రమే నాచ్‌ను ప్రొజెక్టర్‌లో చూడటం అన్యాయం. పాసైన రోజు కూడా చూడండి.

చల్లటి ద్రవంలో ముక్కలు కనీసం ఐదు నిమిషాలు ఉండాలి, టెంపరేచర్ ఒక డిగ్రీ అటూ ఇటూ దాటకూడదు. బయటికి తీశాక ఐదు సెకన్లలోపు కొట్టాలి. పటకారు కొసలు కూడా ఆ ద్రవంలోనే చల్లబడి ఉండాలి. లేకపోతే నాచ్ దగ్గర వేడి ఎక్కుతుంది. పాత డమ్మీ ముక్కలతో చేయి తిరిగేదాకా సాధన చేయండి. తడబడి ఎనిమిది సెకన్లు పట్టిందా? ఆ ముక్కను కొట్టకుండా తిరిగి బాత్‌లో వేయండి, మళ్లీ ఐదు నిమిషాలు ఆగండి.

4. హార్డ్‌నెస్‌కు ముందు తోలు తీయండి.

హీట్ ట్రీట్‌మెంట్‌లో కాస్టింగ్ పైపొర కార్బన్ కోల్పోతుంది. దాని మీద కొడితే మెత్తటి అంకె వస్తుంది. గ్రైండ్ చేసి శుభ్రమైన ఉక్కు మీద కొట్టండి. గ్రైండింగ్‌లో నీలం రంగు వచ్చేంత కాల్చకండి. బ్రినెల్ గుంట అంచుకు దగ్గరగా ఉండకూడదు, రెండు గుంటల మధ్య గుంట వ్యాసానికి మూడింతల దూరం ఉండాలి. బ్రినెల్ అంకెను మూడున్నరతో గుణిస్తే టెన్సైల్ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీ టెన్సైల్ ఫలితం మీద అనుమానం వచ్చినప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. సర్టిఫికెట్ మీదికి మాత్రం అది ఎక్కకూడదు.

5. చిత్తు కాగితం వద్దు.

ముందు చిత్తుగా రాసుకుని సాయంత్రం "నీట్‌గా" ఎక్కించే అలవాటు మనలో చాలామందికి కాలేజీ రికార్డుల రోజుల నుంచే ఉంది. ఇక్కడ అది ప్రమాదం. మెషిన్ చూపిన అంకెను చూపిన క్షణంలోనే, పెన్నుతో, సమయంతో సహా రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయండి. పాత అంకె కనబడుతూనే ఉండాలి. 1947లో మొదలైన నాటా ఆస్ట్రేలియాలో ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ, మన ఎన్‌ఏబీఎల్ లాంటిది. రెండూ చూసేది ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారమే. హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ ల్యాబ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇదంతా కొత్తేమీ కాదు.

అంకె ఫెయిలైంది. ఇప్పుడు?

6. మొదటి పావుగంట ఎవరికీ ఫోన్ చేయకండి, విరిగిన ముఖాన్ని చూడండి.

31 వచ్చిన ముక్క, 17 వచ్చిన ముక్క పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. 31ది బూడిదరంగులో, పీచుపీచుగా, అంచులు సాగి ఉండవచ్చు. 17ది చదునుగా మెరుస్తోందా? అయితే ఉక్కు పెళుసుగా విరిగింది, అంకె నిజమే చెబుతోంది. విరిగిన చోట చిన్న గుల్ల గానీ ఇసుక రేణువు గానీ ఉందా? అది వేరే సంగతి, దాని ఫొటో తీయండి. ముక్కలు నాచ్ దగ్గర కాకుండా పక్కకు విరిగాయా? అయితే యాన్విల్ మీద సరిగా కూర్చోలేదేమో చూడండి. నాలుగు సగాలనూ కవర్లో వేసి నంబరు రాయండి. పారేయడం మాత్రం చేయకండి.

7. రీటెస్ట్ అంటే అదృష్టపరీక్ష కాదు.

"ఇంకో మూడు కొట్టు, మంచివి రాయి" అని ఎవరైనా అంటారు. ఆరింటిలో మంచి మూడు ఏరుకోవడం, దిద్దడం రెండూ ఒకటే. కొత్త ముక్కలు ఎప్పుడు కొట్టవచ్చో, ఎన్ని కొట్టవచ్చో, పాత ఫలితాలను ఎలా కలపాలో మీ ఆర్డరులోని స్టాండర్డ్‌లో రాసి ఉంటుంది. ముక్క మషినింగ్‌లో తేడా ఉన్నా, టెస్ట్ జరిగిన తీరులో లోపం ఉన్నా దాన్ని పక్కన పెట్టవచ్చు, కానీ ఎందుకు పక్కన పెట్టారో రాసి పెట్టాలి. అంకె నచ్చలేదన్నది కారణం కాదు.

ఉక్కే సరిగా లేదని తేలితే దారులు లేకపోలేదు. కాస్టింగ్‌నూ బ్లాక్‌నూ కలిపి మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేసి, కొత్తగా టెస్ట్ చేయవచ్చు. అది కూడా స్టాండర్డ్ ఒప్పుకున్నన్ని సార్లే. లేదా ఫలితాన్ని ఉన్నదున్నట్టు కస్టమర్‌కు పంపి మినహాయింపు అడగవచ్చు. గని కంపెనీ ఇంజనీరు ఆ భాగం పడే లోడ్ చూసి "పర్లేదు, వాడతాం" అని రాతపూర్వకంగా ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆ నిర్ణయం వాళ్లది. టకోమాలో జరిగింది నిజానికి ఇదే: ఆ నిర్ణయాన్ని నేవీ చేతిలోంచి ఒక మెటలర్జిస్టు తీసేసుకున్నారు. షరతు అర్థం లేనిదని మీకు గట్టిగా అనిపిస్తే, మార్చమని రాయండి. మారేదాకా దాని ప్రకారమే టెస్ట్ చేయండి.

8. మేనేజరుతో మాట్లాడేటప్పుడు "సార్" భాష వదిలేయండి.

మర్యాద వదలమని కాదు. "సార్, కొంచెం తక్కువొచ్చినట్టుంది సార్, మీరు చూసి చెప్పండి సార్" అనే తీరు వదలమని. ఇక్కడి మేనేజరుకు అందులో సమస్య వినబడదు. మీరు నిర్ణయాన్ని ఆయన చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నట్టు మాత్రం వినబడుతుంది. ఆయన మామూలుగానే, చెడ్డ ఉద్దేశం లేకుండా, "మేట్, ఇంకోసారి చూడు, లారీ ఆగి ఉంది" అంటాడు. మీరు "నో వరీస్" అంటారు. ఆ రెండు మాటల మధ్యే అంతా జరిగిపోతుంది.

దాని బదులు ఇలా చెప్పి చూడండి: "మూడో ముక్క 17 వచ్చింది. కనీసం 20 ఉండాలి. సగటు కూడా ఫెయిల్. నాచ్, టెంపరేచర్ చూశాను, సరిగానే ఉన్నాయి. కాస్టింగ్‌కు హోల్డ్ ట్యాగ్ కట్టాను. సోమవారం పొద్దున మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్‌కు పెట్టమంటారా, కస్టమర్‌కు రాయమంటారా?"

గమనించారా? అంకె చర్చకు లేదు. తర్వాత ఏం చేద్దామన్నదే చర్చ. ఆ మాటలనే పది నిమిషాల్లో ఈమెయిల్‌గా కూడా పంపండి. చాలామంది మేనేజర్లు విసుక్కుంటారు, తర్వాత ఒప్పుకుంటారు. అలా రెండుసార్లు జరిగాక మీ దగ్గరికి "ఇంకోసారి చూడు" అని రావడం మానేస్తారు.

9. వీసా భయం గురించి.

ఇది చెప్పకుండా మిగతావన్నీ చెప్పడం మోసం. మీరు కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నారు, ఇంట్లో చిన్న పాప, ఊళ్లో అప్పు. "నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే దేశం పోతుంది" అని సీనియర్ అన్న ఫోన్‌లో చెప్పాడు. ఆయన చెప్పేది కొంతవరకు పాత లెక్క. 2024 జూలై 1 నుంచి, స్పాన్సర్ దగ్గర పని ఆగిపోయినా కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒకసారికి 180 రోజులు, వీసా కాలం మొత్తంలో 365 రోజుల దాకా గడువుంది. అంతకు ముందు 60 రోజులే. కంపెనీలో జరిగే తప్పును బయటపెట్టేవారికి కార్పొరేషన్స్ చట్టంలో రక్షణ ఉంది, 2019 జూలై నుంచి దాన్ని ఇంకా గట్టి చేశారు. పెద్ద కంపెనీలకు విజిల్‌బ్లోయర్ పాలసీ తప్పనిసరి. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ పాలసీ ఎవరికి ఫిర్యాదు చేయమంటోందో ఏ గొడవా లేని రోజునే చదివి పెట్టుకోండి, ఎందుకంటే రక్షణ దొరకాలంటే సరైన వ్యక్తికే చెప్పి ఉండాలి.

భయం పోతుందని అనను. రోజుల లెక్క తెలిస్తే అది మోయగలిగేంత చిన్నదవుతుంది.

10. ఇప్పటికే ఒక అంకె దిద్ది ఉంటే?

ఈ పేజీ దాకా వచ్చినవాళ్లలో అలాంటివారు ఒకరైనా ఉంటారని నా అనుమానం. మీకోసమే ఇది చివర రాస్తున్నాను. ముందుగా, ఆ రికార్డును ఇంకోసారి ముట్టుకోకండి. సరిచేయడానికి కూడా వద్దు. ఏ హీట్, ఏ తేదీ, అసలు అంకె ఎంత, రాసినది ఎంత, ఆ హీట్‌లో పోసిన కాస్టింగుల సీరియల్ నంబర్లేమిటి, అవి ఎక్కడికి వెళ్లాయి, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఒక లాయరును కలవండి. కమ్యూనిటీ లీగల్ సెంటర్లలో ఉచితంగా మాట్లాడవచ్చు. తర్వాత క్వాలిటీ మేనేజరుకు రాతపూర్వకంగా మొత్తం చెప్పండి. మొత్తం అంటున్నాను. టకోమా విషయంలో కంపెనీ మొదట నేవీకి తేడాలు ఉన్నాయని చెప్పింది, కానీ అది మోసం కాదన్నట్టు సూచించింది. ఆ సగం మాటే తర్వాత కంపెనీ మీద కేసులో భాగమైంది.

ఆ కాస్టింగులు ఇప్పుడు ఏదో ఒక యంత్రంలో లోడ్ మోస్తూ ఉంటాయి. వాటి పక్కన మనుషులు పనిచేస్తుంటారు. సీరియల్ నంబర్లు చేతిలో ఉంటే కస్టమర్ వాటిని షట్‌డౌన్ సమయంలో విప్పి పరీక్షించుకోగలడు, కావాలంటే మార్చుకోగలడు. ఆ కాగితం ఈ శని, ఆదివారాల్లోనే రాయండి.